పేరే మాది, ఇల్లు నీది

మా అంతస్తులో ఎవరి పనైనా ఎక్కడైనా ఆగిపోతే ఆ సంగతి దుర్గయ్యన్న చెవిన వేయకూడదని అందరం అనుకునేవాళ్లం. వేస్తే ఆయన చేసే సాయం ఒకటే. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, భుజం తట్టి, "అయినట్టే తమ్మీ" అంటాడు. పక్కింటి కోమల్ కాలేజీ సీటుకీ అదే మాట, నా గుండె ఆపరేషన్‌కీ అదే మాట. కోమల్‌కు సీటు రాలేదు. నేను బతికాను. ఆ ఒక్కటీ పట్టుకుని పదేళ్లు చెప్పుకున్నాడు.

నా పేరు చంద్రయ్య. ఫోరస్ రోడ్డులో చిన్న టైలరింగ్ దుకాణం నాది. ముంబై కామాఠీపురలోని మా చాల్‌లో, అంటే వరస గదుల పాత బిల్డింగులో, రెండో అంతస్తులో, దుర్గయ్యన్న గదీ నా గదీ ఎదురెదురుగా ఉండేవి. నా గది ఇంకా నాదే. ఆయనది పోయింది. ఎట్లా పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, అందులో సగం మంట ఆయన మీదే.

ఆయనది టైల్స్ పరిచే పని. నలభై ఏళ్ల పాటు ముంబైలోని పెద్ద పెద్ద బిల్డింగుల్లో బాత్రూములకు టైల్స్ వేశాడు. పని ముగిశాక మిగిలిన వాటిలో ఒకటో రెండో ఓనర్‌ను అడిగి ఇంటికి తెచ్చుకునేవాడు. మంచం కింద గోనెసంచి నిండా అవే. నీలం, గులాబీ, చేపల బొమ్మలవి, ఏ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. తారాబాయి వదిన ఊడుస్తుంటే కాలి వేలికి తగిలినప్పుడల్లా ఆ సంచినీ, దాన్ని తెచ్చిన మనిషినీ కలిపి తిట్టేది.

"మన సొంత సండాసుల ఏస్తనే" అనేవాడాయన.

వదిన మోకాళ్లు అరిగిపోయి ఆరేళ్లయింది. మా ఇరవై రెండు గదులకూ కలిపి వరండా చివర నాలుగు సండాసులు, వాటిలో ఒకదానికి తలుపు లేదు. గోడ పట్టుకుని అంత దూరం నడవలేక ఆమె పొద్దుగూకిన తర్వాత నీళ్లు తాగడం మానేసింది. ఎండాకాలంలో కూడా నాలుక తడుపుకుని ఊరుకునేది. ఈ సంగతి దుర్గయ్యన్నకు తెలుసు, మాట్లాడేవాడు కాదు. పాత బిల్డింగులు కూల్చి కొత్తవి కడతారనీ, ప్రతి ఇంట్లో లోపలే సండాసు ఉంటుందనీ కబురు వచ్చిన రోజు మాత్రం సుద్దముక్క తీసుకుని వరండాలో గీతలు గీశాడు. ఇక్కడ వంటిల్లు, ఇక్కడ మంచం, మంచం నుంచి నాలుగడుగుల్లో సండాసు. వదిన చెయ్యి పట్టుకుని ఆ నాలుగడుగులూ నడిపించాడు.

"అయినట్టే తారా" అన్నాడు.

ఆమె నవ్వింది. ఆమె అట్లా నవ్వగా నేను చూసి చాలా ఏళ్లయింది. ఆ నవ్వు చూడకపోయి ఉంటే తర్వాత నేను అంత తిరిగేవాణ్ని కాదేమో.

చిక్కల్లా ఏమిటంటే, కాగితం మీద ఆ గది దుర్గయ్యన్నది కాదు.

మా తాతలు పాలమూరు నుంచి కిష్టయ్య మేస్త్రి వెంట వచ్చి ఇక్కడ ఇళ్లు కట్టారు. గది అద్దెకు కావాలంటే చాల్ గుమస్తా కూలీలతో మాట్లాడేవాడు కాదు, మేస్త్రితోనే మాట్లాడేవాడు. అందుకని ఏడు గదులు కిష్టయ్య పేరు మీదే తీసుకున్నారు. ఉండేది, అద్దె కట్టేది మావాళ్లు. అద్దె రసీదు మీద, అంటే ఇక్కడి మాటలో పావతి మీద, పేరు మాత్రం కిష్టయ్యది. దానికి బదులుగా ఒక ఆచారం పుట్టింది. దసరా రోజు తాపీ, తూకం గుండు కడిగి పూజ చేసుకున్నాక, ఏడిళ్ల వాళ్లూ కొబ్బరికాయ, తువ్వాలు పట్టుకుని మేస్త్రి ఇంటికి వెళ్లేవారు. "ఇల్లు మీది, ఉండేటోళ్లం మేము" అనేవారు. మేస్త్రి కాయ అందుకుని, "పేరే మాది, ఇల్లు నీది" అని జవాబు చెప్పి తీరాలి. ఆ జవాబు విన్న తర్వాతే ఎవరైనా ఆ గుమ్మం దిగేవారు.

మా నాయనకు మర్యాదలు తెలియవు. ఓ దసరాకి తాగి వెళ్లి, మేస్త్రి కొడుకుతో కలబడి, మర్నాడు గుమస్తా దగ్గర కూర్చుని పావతి తన పేరు మీదికి మార్పించుకున్నాడు. చాల్ అంతా మా నాయన మొహాన ఉమ్మేసింది. తర్వాత ఒక్కొక్కరూ అదే పని చేశారు, కాకపోతే తాగకుండా చేశారు. మిగిలింది దుర్గయ్యన్న ఒక్కడే.

"మూడు తరాలు ఆయన పేరు నీడల బతికినం తమ్మీ. అవసరం తీరినంక పేరు తీసేసుడు బాగుంటదా?" అనేవాడు.

సర్వేవాళ్లు వచ్చి తలుపుల మీద ఎర్రరంగుతో నంబర్లు వేశారు. పావతి ఎవరి పేరున ఉంటే కొత్త ఇల్లు వాళ్లకని చెప్పారు. అప్పుడు పరుగెత్తాడు దుర్గయ్యన్న, వెనకాల నేను. సర్వే అయ్యాక పేరు మార్చాలంటే కిష్టయ్య వారసుల సంతకం కావాలన్నాడు గుమస్తా.

"అంతేనా? అయినట్టే" అన్నాడు దుర్గయ్యన్న.

"సంతకం చేతికొచ్చినంక అను అన్నా ఆ మాట" అన్నాను నేను.

కిష్టయ్య వారసుడు నిలేష్. మునిమనవడు. దాదర్‌లో ఫ్లాట్, ఏదో కంపెనీలో మంచి ఉద్యోగం. తెలుగు రాదు, ఇంట్లో మరాఠీయే. తెలుగు వచ్చింది ఆ ఇంట్లో నాయనమ్మ లచ్చమ్మకు మాత్రమే. ఆమె కిష్టయ్య కోడలు, ఎనభై దాటిన మనిషి. భర్త పోయినప్పటి నుంచి దుర్గయ్యన్న కొబ్బరికాయ అందుకునేదీ, జవాబు చెప్పేదీ ఆమే.

సంతకం గురించి నిలేష్‌కు ఫోన్ చేస్తే ఎంత మర్యాదగా మాట్లాడాడో చెప్పలేను. "కాకా, మంచి పని మంచి రోజున చేద్దాం, దసరాకి రండి, కాగితం తయారుగా పెడతాను" అన్నాడు మరాఠీలో. దుర్గయ్యన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఈసారి తువ్వాలుకు బదులు పంచె కొని వెళ్లాడు. నేనూ వెళ్లాను. లచ్చమ్మ జ్వరంతో లోపలి గదిలో పడుకుని ఉంది. కాయ అందుకోవడానికి నిలేష్ వచ్చాడు.

"ఏక్ మినిట్ కాకా, వీడియో తీసుకుంటాను, నాయనమ్మకు చూపించాలి" అన్నాడు.

దుర్గయ్యన్న జుట్టు సర్దుకున్నాడు. ఫోన్ వైపు తిరిగి, రెండు చేతుల్తో కాయ ఎత్తి పట్టుకుని, నోరారా అన్నాడు. "ఇల్లు మీది, ఉండేటోళ్లం మేము."

నిలేష్ "థాంక్యూ కాకా" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

దుర్గయ్యన్న గుమ్మంలోనే నిలబడ్డాడు. జవాబు కోసమని నాకు తెలుసు. కాగితం ఇంకా వకీలు దగ్గరే ఉందనీ, వారంలో పంపిస్తాననీ అన్నాడు నిలేష్. మెట్లు దిగుతూ నేను అడిగాను.

"జవాబు చెప్పలేదు గదన్నా?"

"పిల్లగానికి తెలుగు రాదు, ఏం జేస్తడు. మనసుల అనుకునే ఉంటడు. పంచె తీసుకున్నడు, అయినట్టే."

ఆ రోజు గట్టిగా నోరు చేసుకుని ఉండాల్సింది. చేసుకోలేదు.

వారం కాదు, నెలన్నర దాటాక పోస్టులో కాగితం వచ్చింది. సంతకం కాదు, అభ్యంతరం. గది మా ముత్తాతది, అందులో ఉన్నవాళ్లను మేము దయతో ఉండనిచ్చాం, ఆ మాట వాళ్లే ఏటా మా ఇంటికొచ్చి ఒప్పుకుంటారు, సాక్ష్యంగా వీడియో జత చేశాం అని రాసి ఉంది. నేను చదివి వినిపిస్తుంటే వదిన గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. దుర్గయ్యన్న మాత్రం, "సగమే తీసిండు గద, మిగిలిన సగం లచ్చమ్మ పెద్దమ్మ చెప్తది" అన్నాడు.

నిలేష్ ఆఫీసుకు వెళ్లే వేళ చూసుకుని దాదర్ వెళ్లాం. అతని భార్య సీమా తలుపు తీసింది. లచ్చమ్మ మంచం మీద కూర్చుని ఉంది. దుర్గయ్యన్న ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఒక్కటే అన్నాడు.

"ఇల్లు మీది, ఉండేటోళ్లం మేము."

ముసలామె ఒక్క క్షణం కూడా ఆగలేదు. "పేరే మాది బిడ్డా, ఇల్లు నీది" అంది. ఆయన తల మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. "నేనొచ్చి చెప్తర దుర్గా. ఏ సాబు ముంగట చెప్పమంటె ఆ సాబు ముంగట చెప్త."

నేను కూడా ఆశపడ్డాను. దాచుకోవడం ఎందుకు, ఆ రోజు లోకల్ రైల్లో నిలబడి వస్తూ నేను కూడా అయినట్టే అనుకున్నాను.

విచారణ గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు కాస్త దూరంలో, కొత్త ఇళ్ల సంగతి చూసే సర్కారు ఆఫీసులో. అక్కడి అధికారిని అందరూ సాబ్ అనేవారు. సాబ్ కంప్యూటర్‌లో వీడియో పెట్టి చూపించాడు. కాయ ఎత్తి పట్టుకుని నవ్వుతున్న దుర్గయ్యన్న. ఆ మాటలను మరాఠీలోకి మార్చి రాసిన కాగితం పక్కనే ఉంది. అందులో తప్పేమైనా దొరుకుతుందా అని రెండుసార్లు చదివాను. ఒక్క తప్పు లేదు.

"ఈ మాట అన్నది మీరేనా?" అని సాబ్ అడిగాడు.

"నేనే సాబ్. గని దీనికి జవాబు ఉంటది. అది గూడ ఇనాలె."

సాబ్ మంచివాడే. ఎవరు చెబుతారో చెప్పమన్నాడు. లచ్చమ్మ వచ్చింది, మాట తప్పలేదు. నిలేష్ ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు, పట్టుకున్న చెయ్యి వదల్లేదు. దుర్గయ్యన్న ఆమె ఎదుటికి వెళ్లి చేతులు జోడించి ఆ మాట మళ్లీ అన్నాడు. ముసలామె దుర్గయ్యన్నను చూసింది. మనవడి చేతిలో ఉన్న తన చేతిని చూసుకుంది. తల వంచుకుంది.

"యాద్ లేదు బిడ్డా" అంది.

నేను కుర్చీలోంచి లేచాను. ఏం అరిచి ఉండేవాణ్నో నాకే తెలియదు. అంతలోకే దుర్గయ్యన్న సాబ్ వైపు తిరిగి, "పెద్దమనిషి సాబ్, మర్చిపోయింది. ఆమెను అడగొద్దు" అన్నాడు. అక్కడున్న నీళ్ల గ్లాసు తీసుకెళ్లి ఆమె చేతికిచ్చాడు.

మెట్ల మీద ఆయన్ని నిలబెట్టి దులిపేశాను. "మర్చిపోయిందా? ఆమెనా? అంత అబద్ధం నీ నోట్ల నుంచే రావాల్నా?"

"తెల్సు తమ్మీ" అన్నాడు. "రేపు ఆమెకింత బువ్వ పెట్టేది ఆ పిల్లగాడే గద."

ఆ మెట్లు దిగేటప్పుడు ఆయన అయినట్టే అనలేదు. అప్పటిదాకా ఆ మాట వింటే మండేది నాకు. ఆ రోజు అనకపోతే భయమేసింది.

గది నిలేష్ పేరున వచ్చింది. పై ఆఫీసుకు వెళ్దామని నేనంటే, వదిన చేతులు జోడించి వద్దంది. కల్యాణ్‌లో అత్తగారింట్లో ఉంటున్న కూతురు రుతుజ వెతికి ఊరికి దూరంగా నాలాసోపారాలో ఒక అద్దె గది చూసింది. సామాను టెంపోలో ఎక్కించే రోజు గోనెసంచి ఇక్కడే వదిలెయ్యమన్నాను. వినలేదు, తానే భుజాన వేసుకుని దింపాడు.

ఈ దసరాకి ముందు ఆదివారం చూసి వద్దామని వెళ్లాను. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. వదిన ఎక్కిన రోజు ఎక్కడమే, మళ్లీ కిందికి దిగలేదట. సండాసు మాత్రం లోపలే ఉంది.

"ఇప్పుడు రాత్రి చెంబెడు నీళ్లు తాగుతున్న చంద్రయ్యా" అంది, నేనేదో బాధపడుతున్నానని నన్ను ఓదారుస్తున్నట్టుగా.

ఆ సండాసుకు ఓనర్ వేసిన తెల్ల టైల్స్ రెండు పగిలి ఉన్నాయి. దుర్గయ్యన్న మార్చుకుంటానంటే వద్దన్నాడట, గోడకు మేకు కూడా కొట్టొద్దన్నాడట. గోనెసంచి ఇక్కడ కూడా మంచం కిందే ఉంది.

దుర్గయ్యన్న దేవుడి అర మీద, తాపీ పక్కన పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. అద్దె అగ్రిమెంటు. లామినేషన్ చేయించాడు.

"సదువు తమ్మీ. ఎవల పేరున్నది?"

దుర్గయ్య అని ఉంది. మూడు తరాల్లో ఆ ఇంటివాళ్ల పేరు ఇంటి కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి. ఆయన ఆ పేరును బొటనవేలితో నిమిరాడు. నేను కింది వరస చూశాను. పదకొండు నెలలు. అందులో నాలుగు అప్పుడే అయిపోయాయి.

"మల్ల రాసిస్తడు" అన్నాడు నా మొహం చూసి. "మంచోడే. అయినట్టే."

అర మీద రెండు కొబ్బరికాయలున్నాయి. ఒకటి తాపీ పూజకు. రెండోది ఎవరికని అడిగాను.

"ఓనర్‌కు. బోరివలిల ఉంటడు. దసరా నాడు పోయి ఇచ్చొస్త."

వంటగట్టు దగ్గర నుంచి వదిన అరిచింది. "ఇస్తె ఇయ్యి. నోరు మాత్రం తెరువకు!"

దుర్గయ్యన్న నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కాయను చేతిలోకి తీసుకుని పీచు సవరించాడు. తర్వాత, నిజంగానే తెలియక అడిగే మనిషిలాగా నన్ను అడిగాడు.

"ఏం అనకుంట కాయ ఎట్ల ఇస్తరు తమ్మీ?"

లోకల్‌కు టైమవుతోందని లేచాను.