బురుల్చా కొండెక్కిన వేసవి

బురుల్చా సాధించిన మొదటి ఘనత ఇంట్లోంచి ఉన్నిని బయటికి పంపడం. ఇదీ ఒక ఘనతేనా అని నవ్వేవాళ్లు మా కోచ్కోర్ కొండల వైపు కోడలిగా కాపురం చేసి ఎరగరన్నమాట. ఇక్కడ ఇంటి పరువంతా నేలమీది ఉన్ని తివాచీలోనూ, గోడవారగా పైకప్పు దాకా పేర్చిన ఉన్ని పరుపుల దొంతరలోనూ ఉంటుంది. ఆ దొంతర అత్త సెయిల్కాన్ నలభై ఏళ్ల చేతిపని. జిల్లా సంతలో రెండుసార్లు మొదటి బహుమతి తెచ్చిన చెయ్యి ఆమెది. వాటిని కొట్టంలో పెట్టుకుందాం అత్తమ్మా అని నోరు తెరవడానికి బురుల్చాకు రెండేళ్లు పట్టింది. ఒప్పించడానికి ఇంకో ఏడాది.

కూతురు చోల్పోన్ పుట్టిన చలికాలంలో బురుల్చాకు ఉబ్బసం మొదలైంది. ఉన్ని దులిపితే చాలు, పిడకల పొయ్యి రాజేస్తే చాలు, ఛాతీలో పిల్లికూతలు. ఏటా జూన్‌లో గుర్రాలనూ గొర్రెలనూ తోలుకుని ఇల్లంతా కొండమీది సోన్‌కోల్ సరస్సు ఒడ్డు పచ్చికకు ఎక్కుతుంది. అక్కడ ఉన్ని గుడారం, లోపల పిడకల పొగ. అందుకని పిల్ల పాలు మరిచినప్పటి నుంచీ మూడు వేసవులు నానమ్మతో పైకి పోయింది. తల్లి కింద బంగాళదుంపలకు నీళ్లు కడుతూ ఉండిపోయింది. చివరికి చోల్పోన్ నానమ్మను ‘అమ్మా’ అనీ, కన్నతల్లిని ‘బురుల్చా’ అనీ పిలవడం నేర్చుకుంది.

ఈ ఏడు సెయిల్కాన్ మోకాళ్లు జీను ఎక్కనివ్వం అన్నాయి. కోడలు వెళ్లకపోతే పాలు పిండే చెయ్యి లేక కొడుకు తలాంత్‌బెక్ మందను పరాయి కాపరికి అప్పగించాల్సిందే. బురుల్చాకు మంద సంగతి తర్వాత. ఈ వేసవి పిల్లతో పాటు కొండెక్కాలి, అంతే.

ఆమె రెండో ఘనత ఉప్పుగని. భూమి లోపలి ఉప్పు సొరంగంలో ఇరవై ఒక్క రోజులు పడుకుని లేస్తే ఊపిరి తేటపడుతుందని డాక్టరు చెప్పింది.

“మమ్మల్ని మా అత్తలు పొగలోనే పెంచారు. చచ్చామా?” అంది సెయిల్కాన్.

“మీరు చావలేదు అత్తమ్మా. ఆ వంతు నాకు వదిలారు.”

సెయిల్కాన్ నవ్వాపుకుని, “నోటికేం ఉబ్బసం లేదు నీకు. పోయి రా,” అంది.

ఏప్రిల్ చివర, మిట్టమధ్యాహ్నం, బురుల్చా వ్యాను దిగింది. గడప దగ్గర పొరుగువాళ్లంతా గుమిగూడారు. మూడు వారాలు భూమి కడుపులో ఉండి వచ్చిన మనిషిని ఊరికే ఇంట్లోకి రానిస్తారా? సెయిల్కాన్ ఇనుప గరిటెలో నిప్పులు పోసి, వాటిమీద ఎండిన ఆర్చా చెట్టు కొమ్మలు వేసి ఎదురొచ్చింది. దిష్టికైనా జబ్బుకైనా మాకు ఆర్చా ధూపమే. గుప్పుమన్న పొగను కోడలి తలచుట్టూ మూడుసార్లు తిప్పింది. నలుగురి ముందు అత్త చేతిని నెట్టే కోడలు మాలో ఉండదు. బురుల్చా తల వంచుకుని నిలబడింది. మూడో చుట్టుకు గడపమీదే కూలబడింది.

పెదవులు నీలంగా మారాయి. మాట లేదు, వేలితో సంచీ చూపించింది. సెయిల్కాన్ గరిటె విసిరేసి సంచీని నేలమీద బోర్లించింది. రొట్టెలు, పిల్లకని తెచ్చిన బొమ్మ, వాటికింద పీల్చే మందు. ఒక పీల్పు, రెండు, నాలుగు. కూత మెల్లగా సన్నబడింది. పొరుగువాళ్లు చూపులు తిప్పుకున్నారు. అంతవరకు తన ధూపమే కోడలి ఊపిరికి అడ్డంపడిందని సెయిల్కాన్‌కు తోచలేదు. దగ్గు పెరిగినకొద్దీ ధూపమూ పెంచిన మనిషి ఆమె.

“నాలుగేళ్లుగా మందు వేస్తున్నాననుకున్నానే,” అంది, కోడలి వీపు నిమురుతూ.

“తెలుసు అత్తమ్మా. అందుకే వద్దనలేకపోయాను.”

“అనాలి. అత్తతో పోట్లాడని కోడలు దేనికి పనికొస్తుంది?”

సెయిల్కాన్ లోపలికి పోయి గిన్నెడు నీళ్లు తెచ్చింది. దూరాల నుంచి వచ్చినవాళ్లకు నీళ్లు దిగదుడవడమూ పెద్దల నాటిదే, దానికి పొగ లేదు. తలచుట్టూ మూడుసార్లు తిప్పి, కోడలిచేత అందులో ఉమ్మించి, వీధిలో పారబోసింది. బురుల్చా గడప దాటింది.

మిగిలింది గుడారం. పెళ్లినాటి ఉన్ని గుడారాన్ని సెయిల్కాన్ ఈసారి కట్ట విప్పనివ్వలేదు. రోడ్డు కూలీలు కాపురముండి వదిలేసిన రేకు బండిని బాగుచేయించి పైకి పంపింది.

“ఏం వదినా, మీ ఇల్లు రోడ్డు కూలీలదైపోయిందా?” అని పక్కింటి జూరాకన్ ఎత్తిపొడిచింది.

“గుడారం నాకు టీ పోస్తుందా? కోడలు పోస్తుంది,” అంది సెయిల్కాన్.

పొయ్యి బండికి గాలివాటున, బయట. రాజేసేది తలాంత్‌బెక్. మొగుడు పొయ్యి ఊదడమేమిటని తోటి కాపర్లు నాలుగు రోజులు నవ్వారు. ఐదో రోజు వాళ్ల పెళ్లాలు నవ్వినవాళ్లను చూసి నవ్వారట.

మూడో ఘనత ఇదీ: జూన్ ఏడున బురుల్చా కనుమ దాటింది. దారిలో రెండుసార్లు ఆగింది, ఒకసారి మందు పీల్చింది, వెనక్కి మాత్రం తిరగలేదు. తొమ్మిది ఆడగుర్రాలను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాలుగు విడతలు పిండుతోంది. సిగ్నలు దొరికే గుట్టెక్కి ఆదివారాలు ఫోను చేస్తుంది. గుట్టెక్కినా ఆయాసంతో ఆమె మాట తెగడం లేదు, సెయిల్కాన్ చెవి పెట్టి వినేది అదే.

మొన్న చోల్పోన్ ఫోను లాక్కుంది. “అమ్మా, బురుల్చా నా పక్కనే పడుకుంటోంది. నాకంటే గట్టిగా గురక పెడుతోంది.”

“పెట్టనీవే తల్లీ. గురకే కదా,” అంది సెయిల్కాన్. ఫోను పెట్టేశాక కళ్లు తుడుచుకుని, పెరట్లోకి పోయి దూలానికి వేలాడదీసిన ఆర్చా కట్టలన్నీ దించి పొరుగింటి జూరాకన్‌కు ఇచ్చేసింది. నీళ్ల గిన్నె కడిగి గడప పక్క గూట్లో పెట్టుకుంది.

మంద దిగివచ్చేది సెప్టెంబరు పన్నెండున.