నత్తి కొడుక్కి, వక్కాకు తండ్రికి

నేను కడప నుంచి బదిలీ మీద కర్నూలులోని ఒక ఆసుపత్రికి స్పీచ్ థెరపిస్టుగా వచ్చిన కొత్త. నందికొట్కూరులో ఎరువుల అంగడి నడిపే సుబ్బయ్య శెట్టి తన కొడుకు రమేశ్‌ను వెంటబెట్టుకొని వచ్చాడు. పిల్లవాడికి నత్తి. పెళ్ళిచూపుల్లో నోరు పెగలక ఒక సంబంధం తప్పిందట. వచ్చే ఆదివారం ఆత్మకూరులో ఇంకొకటి. "ఈలోపల నయం చేయల్ల సారూ" అన్నాడు. ఫొటోలో చూసిన ఆ పిల్ల రమేశ్‌కు నచ్చిందని వాడి చెవుల ఎరుపే చెప్పింది.

కేసు హిస్టరీ అంటే రోగి చెబుతుంటే మేము వినడం. ఇక్కడ రమేశ్ "నే..." అనగానే మిగతాది తండ్రి పూర్తి చేసేవాడు. రైతు నోరు తెరవకముందే మూట తీసిచ్చే అలవాటు మరి!

నత్తి భయం వల్ల పుట్టదనీ, మాట నడకను సరిచూసే మెదడు భాగాల పనిలో తేడా ఉంటుందనీ చెప్పాను. డోపమిన్ అనే రసాయనం మీద అనుమానముంది గానీ ఇంకా తేలలేదు. భయం తోడైతే మాత్రం నత్తి ముదురుతుంది. ఇంత చెబితే శెట్టి చెవిన పడింది రసాయనం ఒక్కటే.

"అంటే యూరియా ఎక్కువైనట్ల. ఎంత తగ్గించల్ల సారూ?"

ఆయన్ను బయట కూర్చోబెట్టి రమేశ్‌తో మాట్లాడాను. నత్తిని దాచేకొద్దీ భయం పెరుగుతుంది కనుక, ఎదుటివారికి ముందే చెప్పేయడం మా చికిత్సలో ఒక పద్ధతి. అది సాధన చేయించాను. పాత సంబంధం అసలెందుకు తప్పిందో అప్పుడే తెలిసింది. "అన్నిటికీ నాయనే జవాబు చెప్తాండాడు, మా పాప ఎవురితో కాపురం చేయల్ల?" అన్నారట ఆడపిల్లవాళ్ళు.

దాంతో తండ్రికి వేరే మందు చెప్పాను. పిల్లలు మాట్లాడుకునేంతసేపూ నోటి నిండా వక్కాకు, అంటే తాంబూలం, నములుతూ ఉండాలి. "మందు కొట్టినాక చేను చూసేదానికి రావల్ల గదా సారూ" అని ఆయన నన్నూ ఆత్మకూరుకు లాక్కెళ్ళాడు.

ఏం చదివారని ఆ అమ్మాయి లలిత అడిగింది. రమేశ్ "బీ... బీ..." దగ్గర ఆగిపోయాడు. శెట్టి గుడ్లు తేలేశాడు. నోటి నిండా రసం, పరాయి ఇంట్లో ఉమ్మడానికి లేదు. ఇదీ తప్పితే ఆ పిల్లవాడు మళ్ళీ నోరు తెరవడు.

"నా... నాకు నత్తి ఉండాది. మాట ఆ... ఆలస్యమైతాది గానీ వస్తాది" అన్నాడు రమేశ్.

"రానీండి. మీ బస్సుకు టైముంటే చాలు. మేం యాడికీ పోం, ఇది మా ఇల్లే" అంది లలిత.

ఆ సంతోషంలో శెట్టి వక్కాకు మొత్తం గుటుక్కున మింగాడు. ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. "మా... మాకు నచ్చి..." అంటున్నాడు, మాట పూర్తికావడం లేదు. మాట అందించబోయిన మమ్మల్ని రమేశ్ చేత్తో ఆపాడు.

"ని... నిదానంగా చెప్పు నాయనా."

నత్తి పోలేదు, పెళ్ళి మాత్రం అయింది. నత్తికి చేసే వైద్యంలో సగం నత్తి లేనివాళ్ళకు చేయాలని నేను నేర్చుకున్నది ఆత్మకూరులోనే.