పదహారు పాటల ఫైలు

మొన్న ఆదివారం నోయిడాలో మా ఇంట్లో, మా అమ్మాయి ఫోనులో ఏవో పాటలు పెట్టుకుని మొహం చిట్లించింది. తొంగి చూస్తే, ఒకప్పుడు నేను పడి చచ్చిన ఇంగ్లీషు రాక్ బ్యాండు వాళ్ళ ఉత్తమ గీతాల సంకలనం. “పాపా, యే లిస్ట్ తో బేకార్ హై. అచ్ఛే గానే ఛోడ్ దియే” అంది. ఎంపిక పనికిరాదట, మంచి పాటలు వదిలేశారట. నేను తెలుగులో అడగడం, అది హిందీలో తీర్పు చెప్పడం మా ఇంట్లో మామూలే. ఆ సంకలనం మీద పాతికేళ్ళ కిందటే రాతపూర్వకంగా తీర్పిచ్చిన మహానుభావుడు తన తాతగారేనని దానికేం తెలుసు!

తొంభైల నాటి మాట. నాన్నగారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లలో మా కాపురం. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చేవారు గానీ, ఆఫీసు కూడా ఆయన వెంటే వచ్చేది. ఇంట్లో ఎవరికేం కావాలన్నా అర్జీ పెట్టుకోవాలి. బూట్లు కావాలన్నా, స్కూలు పిక్నిక్కుకి వెళ్ళాలన్నా కాగితం మీద రాసి, అడుగున ‘జతపరచినవి’ అని వేసి, ముందు అమ్మకివ్వాలి. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని తన అభిప్రాయం ఒక ముక్క రాసి పైకి పంపేది. అప్పుడు నాన్నగారు కళ్ళజోడు పెట్టుకునేవారు. చుట్టాలు నవ్వితే అమ్మ, “మా పెళ్ళిచూపులకీ ఫైలు కట్టే ఉంటారు, నాకు చూపించలేదంతే” అనేది.

నేను కాలేజీలో మొదటి ఏడు చదువుతుండగా ముగ్గురు స్నేహితులు బ్యాండు పెడుతూ, గిటారుకి నన్ను రమ్మన్నారు. శుక్రవారంలోగా చెప్పకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటామన్నారు. అంతకంటే పెద్ద కోరిక నాకు ఆ వయసులో ఇంకేదీ లేదు. సోమవారం అర్జీ పెట్టాను. మంగళవారం పొద్దున్నే తిరిగొచ్చింది. ‘రాక్ అనగానేమి? నమూనా జతపరచవలెను.’

నా దగ్గరున్న నమూనా ఆ సంకలనం క్యాసెట్టొక్కటే. అందులో పదహారు పాటలు. పది మెల్లగా, మర్యాదగా సాగుతాయి. మిగతా ఆరూ రణగొణధ్వని, ఆ గాయకుడు పాడుతున్నాడో పంటినొప్పితో అరుస్తున్నాడో తెలియదు. నా ప్రాణమంతా ఆ ఆరింటి మీదే. కానీ నాన్నగారు వాటిని వింటే నా గిటారు గతేం కాను? పై అంతస్తు పంజాబీ ఆంటీ వాళ్ళకి రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డరుంది. ఆ సాయంత్రమే అక్కడికి వెళ్ళి, మెల్లని పదింటినీ ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించుకున్నాను. ఆంటీ పకోడీల పళ్ళెంతో వచ్చి, మిగతా ఆరూ గట్టిగా పెట్టించుకుని విని, “అరే బేటా, ఇత్నే ధమాకేదార్ గానే క్యోం ఛోడ్ రహా హై?” అని, అంత హుషారైన పాటలు వదిలేస్తున్నందుకు తెగ బాధపడింది. కొత్త క్యాసెట్టుని పాత డబ్బాలో పెట్టి, డబ్బా మీద ఉన్న లెక్క చూసి అలవాటుగా రాసిపారేశాను, ‘జతపరచినవి: క్యాసెట్టు ఒకటి, పాటలు పదహారు’ అని. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

బుధవారం నాన్నగారు పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. పాటకో గీత గీశారు. పది గీతలయ్యాక క్యాసెట్టు బుస్సుమని ఊరుకుంది. తిరగేశారు, మళ్ళీ తిరగేశారు.

“పదహారన్నావు. మిగతా ఆరూ ఏవిరా?”

తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. ఈలోగా అమ్మ వంటింట్లోంచి, “అవి నిన్న పైన ఆంటీ వాళ్ళింట్లో మోగాయిగా, గోడలదిరిపోయాయి” అంది. కన్నతల్లే!

“జతపరచినవి పూర్తిగా లేని ఫైలు మీద నేను సంతకం పెట్టను” అన్నారు నాన్నగారు. అసలు క్యాసెట్టు తెచ్చి ఇచ్చేసి, ఇక నా పని అయిపోయిందనుకుని, అమ్మ పక్కన పీట మీద కూర్చుని నిజంగానే ఏడ్చాను.

గురువారం ఆయన పదహారూ విన్నారు. శుక్రవారం పొద్దున ఇడ్లీ పళ్ళెం పక్కన ఫైలుంది. పైన అమ్మ రాత: ‘నాకు అభ్యంతరం లేదు. జుట్టు పెంచరాదు.’ దాని కింద నాన్నగారిది:

‘అన్నియు వింటిని. ఎంపిక బాగులేదు. మెల్లని పది పాటలూ ఒక్కలాగే ఉన్నవి, వీటిని ఉత్తమములని ఎవరు నిర్ణయించిరో తెలియదు. దాచిన ఆరే నయము. డ్రమ్ములు వాయించు కుర్రవాడు కష్టజీవి. అనుమతించడమైనది.’

చదివి ఎగిరి గంతేశాను. బస్సులో కాలేజీకి వెళ్ళేదాకా కూడా ఆగలేక, పైకి పరిగెత్తి ముందు ఆంటీకి చెప్పాను. మా బ్యాండు రెండేళ్ళు నడిచింది, ఒక్క పోటీలోనూ గెలవలేదు. అయినా ఆ రెండేళ్ళూ నేను రాజానే.

ఆ సంతోషంలో నాన్నగారి రాతని నేను సరిగ్గా చదవనేలేదు. ఆ తరవాత కూడా ఆయనకి నచ్చవనుకున్న సంగతులన్నీ, ప్రేమించిన పిల్ల సంగతీ, చెయ్యలేక మానేసిన ఉద్యోగం సంగతీ, ముందే నేనే ఏరి పక్కన పెట్టి, మెల్లనివే వినిపిస్తూ వచ్చాను. ఇప్పుడాయన లేరు. ఒకే కప్పు కింద అన్నేళ్ళున్నాం, పదహారూ వినగల మనిషికి పదే వినిపించి ఆ కాలమంతా గడిపేశాను.