యశోదమ్మ ఉప్పు కాపడం

మొగుడి నడుము నొప్పి తగ్గుతోందని కుళ్లుకున్న ఆడమనిషి ప్రొద్దుటూరు మొత్తం మీద యశోదమ్మ ఒక్కతే అయి ఉంటుంది. మొహం మీద అంటే ఒప్పుకోదు. కానీ ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆదినారాయణ ఆమెకు సొంత మేనమామ. సింహాద్రిపురం చీనీ తోటల్లో, ఆ బత్తాయి చెట్ల కింద ఆమెను చంకనెత్తుకుని తిరిగినవాడే, పెద్దయ్యాక తాళి కట్టి ప్రొద్దుటూరు తీసుకొచ్చాడు. అంచేత పుట్టినప్పటి నుంచీ ఆయన తన సొత్తని ఆమె నమ్మకం. ఆయన ఒక బట్టల అంగడిలో చీరలు అమ్ముతాడు. తెల్ల పరుపు మీద కాళ్లు మడుచుకుని కూర్చుని, ముందుకు వంగి చీర మీద చీర విప్పి పరవాలి, వచ్చినవాళ్లు లేచిపోయాక అన్నీ మళ్లీ మడతపెట్టాలి. వంగీ వంగీ నడుము పోయింది. కర్నూలు, తిరుపతి తిరిగారు, వేలూరు దాకా వెళ్లి స్కానింగులు తీయించారు. ఆపరేషన్ అక్కర్లేదని మాత్రలిచ్చారు. మాత్రలకు కడుపు మండేది గానీ నడుము ఊరుకునేది కాదు.

నొప్పి ఆయనదే అయినా దాని మీద పెత్తనమంతా యశోదమ్మది. సాయంత్రం ఆయన రాగానే పెనం మీద కల్లుప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి, బోర్లా పడుకున్న ఆయన నడుముకు కాపడం పెట్టేది. తర్వాత ఆముదం రాసి ఒత్తేది. ఒత్తుతున్నంత సేపే ఆయన నోరు తెరిచేవాడు. అంగట్లో ఎవరు ఎంత గీసి గీసి బేరమాడారో, సావుకారి ఎవరి మీద కసురుకున్నాడో, చిన్నప్పుడు చీనీ చెట్టు మీంచి తానెట్లా పడ్డాడో, అన్నీ చెప్పేవాడు. తక్కిన రోజంతా ఊ, ఆ తప్ప పలకని మనిషి. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమెకు కాపురమంటే ఆ కాసేపే.

అందులోకి ప్రసన్నకుమారి వచ్చి పడింది.

ఆమె జమ్మలమడుగులో ఒక ఆస్పత్రిలో కౌన్సెలర్. ఏళ్ల తరబడి నొప్పితో బతికేవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించడం ఆమె పని. ఎవరో చెబితే ఆదినారాయణ ప్రతి గురువారం బస్సెక్కి వెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ మొదట వ్యాయామాలు చేయిస్తారు, తర్వాత ప్రసన్నకుమారి గదిలో గంటసేపు మాటలు. సూది లేదు, మందు లేదు.

"అంతసేపు ఏం మాట్లాడతావు మామా ఆ యమ్మతో?" అని అడిగింది యశోదమ్మ.

"ఏముంటాయి, ఊరికే," అన్నాడాయన.

ఆ ఊరికే అన్న మాట ఆమెకు ముల్లులా దిగింది. పక్కింటి ఖమర్‌బీ ఊరుకుందా, ఇంకాస్త ఎగదోసింది.

"ఇంట్లో నోరిప్పని మనిషి ఆడ గంటసేపు మాట్లాడతాండాడంటే, ఆ యమ్మ శానా తెలివైందే అయ్యుండాల అక్కా. వయసెంతంట?"

"నేనేమన్నా పెళ్లిచూపులకు పోయినానా, నాకేం తెలుసు," అని యశోదమ్మ తలుపేసుకుంది.

దానికి తోడు ఆయన మారుతున్నాడు. నొప్పి పోలేదు, పోతుందని ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు కూడా. కానీ ఇదివరకు నొప్పి తక్కువగా ఉన్న రోజు బట్టల బేళ్లన్నీ తానే ఎత్తేసి మర్నాడు మంచం పట్టే మనిషి, ఇప్పుడు ఏ రోజైనా పని కొంచెం కొంచెంగానే చేస్తున్నాడు. బేరం మధ్యలో అయినా లేచి నాలుగడుగులు వేసి వస్తున్నాడు. నొప్పి లేచినప్పుడు పడుకోకుండా, కళ్లు మూసుకుని నిదానంగా ఊపిరి తీసుకుని, వీధి చివరిదాకా నడిచొస్తున్నాడు. నిద్ర పడుతోంది. మొహం తేటపడింది. వీధిలో వాళ్లు యశోదమ్మను ఆపి మరీ సంతోషం చెప్పేవాళ్లు. ఆమెకు ఒళ్లు మండిపోయేది. ఇన్నేళ్లు చేతులరిగేలా ఒత్తింది తాను, కుర్చీలో కూర్చుని కబుర్లాడిన ఆమెకేమో పేరు.

ఒక గురువారం ఆయన వచ్చి చెప్పాడు. "మే, ఇంకమీద నొప్పి ఎట్లుందని మాటిమాటికీ అడగొద్దంట. వేరే ఏమన్నా అడగమన్నారు."

"వేరే ఏమడగాల?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆయనకూ తోచలేదు. నొప్పి తీసేస్తే తమ ఇద్దరి మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదేమోనన్న భయం యశోదమ్మకు అప్పుడు పట్టుకుంది.

పై గురువారం ఇంట్లోవాళ్లను కూడా తీసుకురమ్మన్నారని ఆయన అంటే, యశోదమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని మరీ బయల్దేరింది. తీరా చూస్తే ప్రసన్నకుమారి యాభై దాటిన మనిషి. నెరిసిన జుట్టు, ముక్కు మీంచి జారిపోయే కళ్లద్దాలు, నూలు చీర. అందగత్తె అయినా బాగుండేదనిపించింది యశోదమ్మకు. కుళ్లుకోవడానికి ఒక కారణమైనా దొరికేది.

"నొప్పి ఏ పొద్దు ఎక్కువవుతుందో చూసుకోమన్నాను కదన్నా, చూశారా?" అని అడిగింది ప్రసన్నకుమారి.

ఆదినారాయణ పెళ్లాం వైపు చూసి తల దించుకున్నాడు. "సాయంత్రం మేడమ్. ఇంటికి పొయ్యేదాకా ఓర్చుకుంటా. పెనం మీద ఉప్పు చిటపటమంటానే నడుము పట్టేస్తాది. ఆ చప్పుడుకే."

యశోదమ్మ తన అరచేతుల వైపు చూసుకుంది.

"మీ తప్పు కాదమ్మా," అంది ప్రసన్నకుమారి మెల్లగా. "ఆ కాపడం మొదట్లో సుఖమే ఇచ్చింది. రోజూ అదే వేళకు, అదే చప్పుడుకు నొప్పిని తలుచుకోవడం ఒంటికి అలవాటైంది. అలవాటు మార్చుకోవచ్చు."

యశోదమ్మకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. "ఎప్పటినుంచి తెలుసు నీకు?" అని మొగుణ్ని అడిగింది.

"శానా దినాలాయ."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు పొద్దంతా ఆ పనికే ఎదురు చూస్తాంటివి. ఎట్ల చెప్పాల?"

తనకు చెప్పలేని మాట ఈ కళ్లద్దాలమ్మకు చెప్పాడు. తన కాపడమే నొప్పి తెస్తోందన్న దానికంటే ఆ సంగతి ఎక్కువ బాధపెట్టింది. లేచి సంచీ అందుకోబోతే కుడి చెయ్యి పైకి లేవక ఎడమ చేత్తో తీసుకుంది. ప్రసన్నకుమారి చూసింది. "ఆ చెయ్యి ఎన్నాళ్లుగా అట్లా ఉందమ్మా?" అంది. "నాకేం లేదు," అని యశోదమ్మ బయటికి వచ్చేసింది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఉప్పు చిటపటమనలేదు. ఆయన సాయంత్రం రాగానే నడవడానికి వెళ్లేవాడు. దారిలో టీ అంగడి దగ్గర, కూరగాయల బండి దగ్గర నిలబడి మాట్లాడేవాడు. యశోదమ్మ గడపలో కూర్చుని చూసేది. ఇన్నాళ్లూ ఒక్క ప్రసన్నకుమారి మీదే ఉన్న కుళ్లు ఇప్పుడు వీధి వీధంతటి మీదికీ పాకింది. ఇంట్లోకి వచ్చాక ఇద్దరూ అన్నం తిని చెరో మూలా కూర్చునేవాళ్లు. ఏం అడగాలో ఆమెకు తెలియదు, ఏం చెప్పాలో ఆయనకు తెలియదు.

చివరికి ఒక గురువారం ఆమె ఆస్పత్రి దాకా వచ్చి, గది ముందు ఆయన్ను ఆపేసింది. "ఈసారి నేను పోతా. నువ్వు బయట కూర్చో."

పోట్లాడాలనే వెళ్లింది. అనాల్సినవన్నీ బస్సులోనే కూడబలుక్కుంది. కూర్చోకుండానే, "మా మామ మాటలన్నీ నువ్వు తీసేసుకున్యావు. నాకేం మిగిల్చినావు?" అంది.

ప్రసన్నకుమారి కోప్పడలేదు, సర్దిచెప్పలేదు. కుర్చీ దగ్గరికి జరిపి, "చెప్పండమ్మా, వింటాను," అంది.

అలా అడిగినవాళ్లు యశోదమ్మ జీవితంలో ఎవరూ లేరు. మొదట తిట్టింది. తర్వాత ఏడ్చింది. ఏడుస్తూనే చెయ్యి సంగతి చెప్పింది. ఒత్తీ ఒత్తీ భుజం పట్టేసిందని, జడ వేసుకోలేకపోతున్నానని, ఆయన నొప్పి ముందు తన నొప్పి ఒక నొప్పా అని నోరు మూసుకున్నానని చెప్పింది. ఎప్పుడు గంట గడిచిందో తెలియలేదు.

బయట బల్ల మీద ఆదినారాయణ ఓసారి కూర్చున్నాడు, ఓసారి లేచాడు, తలుపు వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ బయటికి రాగానే వెంటపడ్డాడు.

"అంతసేపు ఏం మాట్లాడినావు మే?"

"ఏముంటాయి, ఊరికే," అంది యశోదమ్మ.

బస్సెక్కాక మళ్లీ అడిగాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆయన గొంతు తగ్గించి, "ఏడ్చినట్టుండావు. ఏమన్యావు ఆమెతో?" అన్నాడు.

"నా నొప్పి సంగతి."

"నీకేం నొప్పి? నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడన్నా అడిగితివా?"

ఆదినారాయణ మొహం మాడ్చుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయాడు. తనకు తెలియని మాట ఎవరో బయటి మనిషికి తెలిసిందని కుళ్లుకుంటున్నాడు. ఆ మొహం ఎలా ఉంటుందో యశోదమ్మకు బాగా తెలుసు. ఎన్నో నెలలుగా అద్దంలో చూసుకుంటున్నది అదే. ఆ మొహం ఇప్పుడు ఆయనకు రావడం చూసేసరికి, తన కాపురం ఎక్కడికీ పోలేదని ఆమెకు మొదటిసారి ధైర్యం చిక్కింది.

ప్రొద్దుటూరు బస్టాండులో దిగగానే ఆయన ఆగిపోయాడు. "చెయ్యేనా? ఏ పొద్దు ఎక్కువుంటాది?"

"ఇంటికి పా మామా, అంతా చెప్తా," అంది యశోదమ్మ. "పెనం పెట్టకుండానే చెప్తా."

సంచీ ఆయనే పట్టుకున్నాడు. టీ అంగడివాడు పిలిచినా ఆ సాయంత్రం ఆగలేదు.