అమెరికా కబుర్ల మావయ్య

మా తాతలు తెలుగునాడు నుంచి వలసొచ్చిన ఈ పరదేశపు నగరంలో, సంచౌంగ్ పేటలో, మా వీధి చివరి టీకొట్టులో ఆయన రోజూ అమెరికా గురించే మాట్లాడేవాడు. మా తెలుగు చర్చిలో అందరికీ ఆయన మావయ్యే. ముందు, కొట్టువాళ్లు బల్లమీద ఉచితంగా పెట్టే ఫ్లాస్కులోంచి అందరికీ గ్రీన్ టీ పోసేవాడు. ఆ తర్వాత మొదలెట్టేవాడు.

“అక్కడ తండ్రిదొక పార్టీ, కొడుకుదొక పార్టీ. తిట్టుకుంతారు. అయినా పండక్కి ఒక్క బల్లకాడే కూకుని తింతారు. అదీ ఇల్లంటే!”

ఆయన ఊరి పక్క నది మీది తన్లిన్ వంతెన దాటితేనే గొప్ప. ఈ అమెరికా గోల వినీ వినీ నాకు ఒళ్లు మండింది. ఒకరోజు అందరికీ వినపడేలా అడిగేశాను.

“ఆళ్ల గొడవ మనకేటి మావయ్యా? మన దేశం సంగతి సెప్పు. నీ కొడుకు ఏ పక్షం? ఎక్కడున్నాడు?”

తండ్రితో రాజకీయాల మీద గొడవపడి ఆ కొడుకు ఇల్లు వదిలిపోయాడు. సైన్యం ఏలే ఈ దేశంలో టీకొట్లలో వేగులుంటారు గనక ఆ మాట నలుగురిలో ఎత్తకూడదని వీధిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

పక్క బల్ల దగ్గర ఎవరో కొత్తమనిషి ఫోన్లోంచి తలెత్తి మావయ్యను చూశాడు. ఆయన పోస్తున్న టీ కప్పు దాటి బల్లంతా పారింది.

“నాకేటి తెలుసు నానా,” అని, లుంగీ చెరగుతో బల్ల తుడిచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ కొట్టుకి రాలేదు.

ఇప్పుడు చర్చిలో కనబడితే నాతో వానల గురించే మాట్లాడతాడు.