మూడు ముళ్ళది

కొత్త లేసు దారపు ఉండ విప్పితే ఒక వాసన వస్తుంది. ఉతకని నూలు వాసన, అందులో కొంచెం గంజి, కొంచెం అట్టపెట్టె. ఆ వాసన నాకు పడదు. పడదంటే తుమ్ములొస్తాయని కాదు, కోపం వస్తుంది. మొన్న ఆదివారం ఆరాధనయ్యాక గుడి నుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోకముందే, రాజమండ్రిలో మేముండే అపార్టుమెంటులో కింది ఫ్లోరు శ్యామలగారు ప్లాస్టిక్ బుట్టలో నాలుగు కుక్కపిల్లల్ని పెట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ బొచ్చుకుక్క ఈనిందట, పిల్లలు నాలుగూ తెల్లగా ఒక్కలాగే ఉన్నాయట, ఏది పాలు తాగిందో ఏది తాగలేదో తెలిసి చావడం లేదట. "మామ్మగారికి ఇవన్నీ తెలుసని వాచ్‌మన్ చెప్పాడండి" అన్నారు. మామ్మగారంటే మా అమ్మ. మోకాళ్ళ నొప్పులని గుడికి కూడా రాని మనిషి చటుక్కున లేచి, తన రేకుడబ్బాలోంచి దారం ఉండ తీసి, మొదటి పిల్ల మెడకి వదులుగా దారం చుట్టి ఒక ముడి వేసింది, రెండోదానికి రెండు వేసింది, మూడోదాని దగ్గరికొచ్చేసరికి వేళ్ళు పట్టేశాయని దారం నా చేతిలో పెట్టింది. "ఇది నువ్వు కట్టవే రూతూ" అంది. నేను దారం పట్టుకుని నిలబడిపోయాను. ఎందుకు నిలబడిపోయానో చెప్పాలంటే ముప్ఫై ఏళ్ళ వెనక నరసాపురం వెళ్ళాలి, వెళ్ళడం నాకేమంత ఇష్టం లేదు.

మా నాన్న అక్కడ హైస్కూల్లో గుమాస్తా. గుమాస్తా అయినా బడిలో పనిచేస్తాడు కాబట్టి ఊరందరికీ మాస్టారే. ఆ ఉద్యోగం చేసుకుని ఊరుకుని ఉంటే మేమూ నలుగురిలా బతికేవాళ్ళం. నేను పుట్టకముందెప్పుడో బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరుగారి దగ్గర ఒక టెర్రియర్ కుక్కని తెచ్చుకున్నాడు నాన్న. అప్పటి నుంచి మా ఇంట్లో మనుషుల తర్వాత కుక్కలు కాదు, కుక్కల తర్వాత మనుషులు. నాకు ఊహ తెలిసేసరికి ఉన్నవి దాని కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు, రాణీ, జూలీ. తెల్లటి ఒళ్ళు, గోధుమరంగు తల, పొట్టి బొచ్చు, మోకాలు దాటని ఎత్తు, రోజంతా గెంతినా తీరని ఒంటి దురద. పెరట్లో బాదంచెట్టు కింద తాటాకు కప్పిన చిన్న పాక వాటిది. నాన్న మురిసిపోయి వీధి గుమ్మానికి ఒక బోర్డు రాయించాడు. టెర్రియర్ కెన్నెల్, అంటే కుక్కల్ని పెంచి అమ్మే చోటు, అని రాయమంటే, పుట్టి బుద్ధెరిగి కాలువలు తప్ప ఇంకోటి చూడని ఆ పెయింటరు, కాయితం మీద మాట తప్పు పడిందనుకుని, తనే దిద్ది 'టెర్రియర్ కెనాల్' అని ఎర్రక్షరాలతో రాసి పెట్టాడు. నాన్న దిద్దించేలోపు వారం గడిచింది, ఆ వారంలో మా సందుకి కుక్కల కాలువని పేరు స్థిరపడిపోయింది, క్లాసులో నన్ను కుక్కల కాలువ రూతు అనేవాళ్ళు. దిద్దించాక కూడా ఎవరూ మానలేదు.

పిల్లల్ని కొనడానికి వచ్చేవాళ్ళు వచ్చేవాళ్ళే. అందరికీ సినిమాల్లో చూసిన బొచ్చుకుక్క కావాలి. పాక దగ్గరికి వచ్చి, తొంగి చూసి, "ఏంటండీ మాస్టారూ, బొచ్చు రాలిపోయిందా, ఏదైనా జబ్బా" అనేవారు. నాన్న విసుక్కునేవాడు కాదు. ఇది పందికొక్కుల్ని పట్టే జాతండీ, ధాన్యం కొట్టులో ఒక్కటుంటే చాలండీ అని మొదలుపెట్టి అరగంట చెప్పేవాడు, వాళ్ళు అరగంటా విని, టీ తాగి, ఆలోచించుకుని వస్తామని వెళ్ళిపోయేవారు. ఆ టీ గ్లాసులు కడిగేది నేను.

ఎండాకాలమైతే పాక చుట్టూ గోనెసంచులు తడిపి కట్టాలి, గంటకోసారి నీళ్ళు చల్లాలి. స్నేహితురాళ్ళు వశిష్ఠ గోదావరి రేవులో పంటు ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళి ముంజలు తిని వస్తుంటే, నేను తడి గోనె కంపు పీలుస్తూ కూర్చోవాలి. వానాకాలం పెరడంతా చెరువే. పిల్లల్ని బుట్టలతో సహా వంటింట్లోకి చేర్చేవాళ్ళం, అన్నం వార్చుకునే చోట అవి వరసగా పడుకునేవి, డెట్టాలు వాసనా చేపలు ఉడికించిన నీళ్ళ వాసనా రాగిజావ వాసనా కలిసి మా యూనిఫాంలకి పట్టేవి. క్రిస్మస్ నెలలో అమ్మ గులాబీ పువ్వులు వండుతుంటే నూనెబాండీ చుట్టూ ఇవే కాపలా. క్యారల్స్ పాడేవాళ్ళు మా సందు మొదట్లోనే పాట ముగించి, మా ఇంటికి దూరం నుంచే ప్రార్థన చేసి వెళ్ళిపోయేవారు. ఏటా కొత్త గౌను, ఏటా మొదటిరోజే దాని అంచుకి కుక్కపంటి చిరుగు. ఎవరికి చెప్పుకోను?

అన్నిటికన్నా తణుకు ప్రయాణం దరిద్రం. మా దగ్గర అన్నీ ఆడవే. మగకుక్క తణుకులో ఒక ఇంజనీరుగారింట్లో ఉండేది. రాణీనో జూలీనో ఎదకి వచ్చిందంటే నాన్న సెలవు పెట్టేవాడు, దాన్ని తాటాకు బుట్టలో పెట్టి, పైన దుప్పటి కప్పి బస్సెక్కేవాడు, పక్కన కూర్చుని దుప్పటి కదలకుండా పట్టుకోవడం నా పని. పాలకొల్లు దాటకుండానే బుట్ట మొరిగేది. కండక్టరు మమ్మల్ని దింపేస్తే ఎండలో రోడ్డు పక్కన తర్వాతి బస్సు కోసం నిలబడేవాళ్ళం. నాన్న బుట్టకి నీడ పట్టేవాడు, నాకు పట్టేవాడు కాదు.

అమ్మ లేసు అల్లేది. మా వీధిలో ఆడవాళ్ళందరూ అల్లేవారు, మధ్యాహ్నం పనులయ్యాక అరుగుల మీద చేరి సూదులు ఆడిస్తూ కబుర్లు చెప్పుకునేవారు. నాకూ నేర్పాలని అమ్మ చాలా అవస్థ పడింది. నాది పుర్రచెయ్యి. తను కుడివైపు తిప్పితే నా దారం ఎడమవైపు తిరిగేది, తన పువ్వు ఒకలా వస్తే నా పువ్వు అద్దంలో చూసినట్టు ఎదురుగా వచ్చేది. లేసు ఏజెంటు నా ముక్కలు చూసి, "ఇవి దేనికీ అతకవమ్మా" అని పక్కన పడేశాడు. అమ్మ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, సూది లాక్కుని, ఇక కుక్కల పని చూసుకోమంది.

పిల్లల్ని గుర్తుపట్టడానికి లేసు దారం కట్టడం అమ్మ కనిపెట్టిన ఉపాయమే. రంగుదారాలు మా ఇంట్లో ఎక్కడివి? అంతా తెలుపే. అందుకని ముళ్ళు లెక్క. ఒక ముడిది, రెండు ముళ్ళది, మూడు ముళ్ళది, నాలుగు ముళ్ళది. పిల్లలు పెరిగేకొద్దీ దారం బిగుసుకుంటుంది కాబట్టి నాలుగైదు రోజులకోసారి కత్తిరించి కొత్తది కట్టేది. నాన్న ఉదయం బడికి పోతే సాయంత్రం వచ్చేవాడు, వచ్చి ముళ్ళు తడిమి చూసుకుని ఏది ఎలా ఉందో నోట్‌బుక్కులో రాసుకునేవాడు.

నా పన్నెండో ఏట రాణి చివరి ఈత ఈనింది. జూలీకి అప్పటికే ఈతలు ఆగిపోయాయి. కాబట్టి ఈసారి ఒక ఆడపిల్లని ఉంచుకోకపోతే కెన్నెల్ అక్కడితో సరి. నాలుగు పిల్లల్లో ఆడవి రెండే, రెండు ముళ్ళది, మూడు ముళ్ళది. తలమీద రంగూ తోక మొదట్లో మచ్చా రెండింటికీ ఒక్కటే. నాన్న రోజూ సాయంత్రం పీట వేసుకుని కూర్చుని, ఏది ఎక్కువ పాలుండే వెనక చన్ను పట్టుకుంటోందో, ఏది తోసినా మళ్ళీ వస్తోందో గమనించి, పదోరోజున తేల్చేశాడు. "రెండు ముళ్ళది ఉంచుతున్నానే. దీనికి ఎదురులేదు" అన్నాడు అమ్మతో. మూడు ముళ్ళదాన్ని కడియంలో నర్సరీ ఉన్న ఒకాయన అడిగారు, మొక్కల వేళ్ళు పందికొక్కులు తవ్వేస్తున్నాయని. ఇది కొంచెం నెమ్మదైందండీ అని నాన్న ఆయనకి ముందే చెప్పాడు.

నెమ్మదైంది కాదు, చావబోయింది. మిగతా మూడూ తోసేస్తే మూలకి పోయి కళ్ళు తేలేసేది. సిరా ఫిల్లరుతో పాలు పోసి బతికించింది నేను. మూడు ముళ్ళు పడ్డాయి కదా అని అమ్మ దాన్ని పెళ్ళికూతురా అని పిలిచేది. ఇన్నేళ్ళూ ఆ కుక్కల్ని తిట్టుకుంటూ తిరిగినదాన్ని, ఆ పిడికెడు ప్రాణం నా గౌను జేబులో దూరి నిద్రపోతుంటే తిట్టడం చేతకాలేదు. మూడు వారాలకి ఒళ్ళు చేసి రెండు ముళ్ళదానితో సమానమైంది. దాన్ని కడియం పంపేస్తారట. పెళ్ళికూతురు కదా, వెళ్ళాల్సిందే కదా అని అమ్మ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఒక గురువారం పొద్దున అమ్మ నాలుగింటికీ కొత్త దారాలు కట్టి, మధ్యాహ్నం గుడిలో స్త్రీల కూడికకి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే. కత్తెర తెచ్చి రెండు ముళ్ళదాని దారం, మూడు ముళ్ళదాని దారం కత్తిరించి, ఉండలోంచి కొత్త దారం తీసి, దీనికున్నన్ని ముళ్ళు దానికి, దానికున్నన్ని దీనికి వేసి కట్టేశాను. ఐదు నిమిషాల పని. కత్తిరించిన ముక్కలు పొయ్యిలో వేశాను. మరో మూడు వారాలకి కడియం ఆయన వచ్చి, మా నాన్న ఏరి పెట్టుకున్న పిల్లని మూడు ముళ్ళదనుకుని తీసుకెళ్ళిపోయారు. నా పెళ్ళికూతురు నా దగ్గరే ఉండిపోయింది.

ఉండి ఏం చేసింది? ఏడాదిన్నరకి ఎదకి వస్తే తణుకు తీసుకెళ్ళాం, ఏమీ లేదు. మళ్ళీ తీసుకెళ్ళాం, ఏమీ లేదు. పశువుల డాక్టరు చూసి, "ఇది పుట్టుకతోనే బలహీనమండీ, ఈతకి పనికిరాదు. దీన్నెందుకు ఉంచారు మీరు" అన్నాడు. నాన్న తలొంచుకుని, "నేనే ఏరానండి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, బుట్ట పట్టుకుని.

ఆ మరుసటి నెలలో కడియం ఆయన రెండు సపోటా అంటుమొక్కలు చేత పట్టుకుని సంతోషంగా వచ్చారు. "మీరు నెమ్మదైందన్నారు గానీ మాస్టారూ, మా నర్సరీ అంతా దాని రాజ్యమేనండి. మొన్న ఆరు పిల్లల్ని పెట్టింది, ఆరూ గట్టివే" అన్నారు. నాన్న ఆయనకి టీ ఇప్పించి, అంట్లు పుచ్చుకుని, గుమ్మం దాకా సాగనంపి, తిరిగొచ్చి నిచ్చెన వేసి బోర్డు దింపేశాడు. "నా కన్ను పోయిందే" అన్నాడు అమ్మతో. బోర్డు స్నానాలగదిలో సబ్బు పెట్టుకునే బల్ల అయింది.

అక్కడితో ఆగితే నేనూ మర్చిపోయేదాన్నేమో. ఆగలేదు. వంకాయలు ఏరమంటే నన్నడక్కండి, నా కన్ను పోయింది అనేవాడు. బళ్ళో కొత్త బెంచీలు ఎలా ఉన్నాయంటే అదే మాట. చివరికి నా పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడు కూడా, "నువ్వే చూసుకోమ్మా, నా కన్నుకేం తెలుస్తుంది" అని వీధిలోకి వెళ్ళి కూర్చున్నాడు. మొదట్లో చెబితే తంతాడని చెప్పలేదు. తర్వాత చెబితే కుక్కని మార్చేస్తారని చెప్పలేదు. ఆ తర్వాత ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటాడని చెప్పలేదు. పెళ్ళికూతురు పదకొండేళ్ళు బతికి నాన్న కాళ్ళ దగ్గరే పోయింది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. పాక లేదు, బాదంచెట్టు లేదు, ఇల్లు అమ్మేశాం, అక్కడిప్పుడు మోటారు సైకిళ్ళ షోరూము. ఆ జాతి కుక్క మా వైపు ఎక్కడా కనపడదు.

మొన్న ఆదివారం శ్యామలగారు తల్లికుక్క ఏడుస్తోందని దాన్ని తేవడానికి కిందికి వెళ్ళారు. సరేనని నేను మూడో పిల్లకి మూడు ముళ్ళు వేశాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ముడిని వేలితో తిప్పి చూసింది.

"ఇప్పటికీ ఎదురే తిప్పుతావు" అంది.

"ఇప్పటికీ ఏంటి?"

"ఆ రోజు పొద్దున నాలుగూ నేనే కట్టి కూడికకి వెళ్ళాను కదే. వచ్చి చూస్తే రెండింటికి పుర్రచేతి ముళ్ళున్నాయి. నాకు కళ్ళు లేవనుకున్నావా."

"మరి నాన్నకి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని చూశాను."

"ముప్ఫై ఏళ్ళా?"

"నాలుగు రోజులనే అనుకున్నాను" అంది అమ్మ, పిల్లని బుట్టలో పెడుతూ. "తర్వాత ఇన్నాళ్ళూ నేనెందుకు చెప్పలేదని ఆయన అడిగితే ఏం చెప్పను?"

అరవాలనిపించింది. ఏమని అరవను, అది నా మాటే. ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం, ఒక్క మాట దాచుకుని, ఒకరి కోసం ఒకరం ఎదురుచూస్తూ, మధ్యలో ఆ మనిషిని తన కళ్ళని తనే నమ్ముకోకుండా చేశాం.

ఈలోగా శ్యామలగారు తల్లికుక్కని చంకనెత్తుకుని వచ్చారు. మెడల్లో దారాలు చూసి సంబరపడి, "ఒకటి మేం ఉంచుకుందామనుకుంటున్నామండీ. ఏది మంచిదో చెప్తారా" అన్నారు. అమ్మ నా వైపు చూసింది.

"మా నాన్నగారుంటే చెప్పేవారండి" అన్నాను. "ఆయన కన్ను ఎప్పుడూ తప్పలేదు."

"అలాగా అండీ" అని శ్యామలగారు బుట్ట తీసుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయారు.