నెత్తళ్ళ కుప్పా, ఎర్ర అక్షరాలూ

ఆ రోజుల్లో, అంటే కంప్యూటర్లు చదవడానికి మా ఊరు రంగత్ నుంచి పోర్ట్ బ్లెయిర్ కాలేజీకి బస్సెక్కి వచ్చిన కొత్తలో, నాకు తెలివికన్నా పొగరు ఒక పాలు ఎక్కువ. చేపలమ్మే ఇంట్లోంచి కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని కదా, ఆ మాత్రం ఉండదా! అందుకే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ సారు, "మీ ఇంటి సంగతేదైనా జాబితాగా రాసి, అందులోంచి కావలసినవి ఒక్క వాక్యంతో ఏరి చూపించండి. ల్యాబు అయ్యేలోగా నడవకపోతే ఈ పేపరు వచ్చే ఏడాది మళ్ళీ" అనగానే అందరికన్నా ముందు కీబోర్డు మీద పడ్డాను.

అమ్మ బజారులో పెట్టే సరుకే రాశాను. వంజరం మూడు కిలోలు, సూర అయిదు, నెత్తళ్ళు ఒక కుప్ప. వాటిలోంచి కిలో దాటినవి ఏరమని సారు చెప్పిన ఆ ఒక్క వాక్యం, లిస్ట్ కాంప్రహెన్షన్, రాసి నడిపితే తెరనిండా ఎర్ర అక్షరాలు. టైప్ ఎర్రర్! అంకెల మధ్య 'ఒక కుప్ప' అనే మాట ఉండకూడదట. (మా ఇళ్ళలో పెద్ద చేపని తూస్తారు, చిన్న చేపని కుప్ప పోస్తారు. నెత్తళ్ళు తూచినవాళ్ళని నేను పుట్టి ఎరగను.) "సర్, మా అమ్మ రోజూ ఇలాగే అమ్ముతుంది. కంప్యూటరుకే తెలీదు" అని వాదించాను. క్లాసంతా ఘొల్లుమంది. సారు మాత్రం నవ్వలేదు. "బేటా, అమ్మకి కుప్ప చూస్తే తెలుస్తుంది. దీనికి కళ్ళు లేవు. జాబితాలో అన్నీ ఒకే రకం ఉండాలి. బీస్ మినిట్ హై, ఇంకా ఇరవై నిమిషాలే" అన్నారు.

పొగరంతా దిగిపోయింది. వరండాలోకి పరిగెత్తి అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, నెత్తళ్ళ కుప్ప ఎంత తూగుతాది?"

"కుప్పంటే కుప్పేనే! మద్దిన కిలో ఏటి?"

"తూచకపోతే నా పేపరు పోతాదమ్మా!"

"ముప్పై ఏళ్ళనించి నా సెయ్యిని ఎవులూ తూసి సూడనేదు" అని గొణుగుతూనే కాటా మీద పెట్టింది. అర కిలో. కొనడానికొచ్చినవాళ్ళెవరో "దీదీ, జల్దీ" అంటున్నా వినకుండా రెండో కుప్పా పెట్టింది. అర కిలో. మూడోదీ అంతే. "సూసినావేటే!" అంది, బజారంతా వినబడేలా.

కుప్ప తీసేసి అర వేశాను. మూడు, అయిదు అని జవాబొచ్చింది. సారు "షాబాష్" అన్నారు, నవ్విన క్లాసే చప్పట్లు కొట్టింది. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి అమ్మకి గొప్పగా చెప్పాను.

"మరి నా నెత్తళ్ళేవే?"

"కిలో దాటలేదు కదమ్మా, తీసేసింది."

"అంత గోల సేసి తూయించి, నా కుప్పని తీసేసిందా?"

వారంపాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు అదే పాఠం నేను చెబుతున్నాను. తెరమీద రెండంకెలు చూసి మురిసిపోయిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పూట అసలు గర్వపడాల్సింది, చూపు తప్ప కొలత ఎరగకుండా మూడుసార్లు ఒకేలా తూగిన మా అమ్మ చెయ్యిని చూసి. దాన్ని జాబితాలోంచి ఏరి పారేసింది మాత్రం నేనే.